మాణిక్యం ఎర్ర గుంజలు

కోడూరు దిగువన మడ అడవిలో మాణిక్యం వాచరుగా చేరేనాటికి, ఊళ్లవాళ్లకు ఆ అడవంటే పొయ్యిలోకి కట్టెలే. సముద్రం వైపు ఒక ముక్కను మాత్రం, నరక్కుండా ఉంచితే ఏమవుతుందో చూద్దామని అటవీ శాఖవారు మూయించారు. ఏటా క్రిస్మస్ వెళ్లాక, నీటివైపు అన్నిటికన్నా ముందున్న మడ మొక్క పక్కన మాణిక్యం ఒక ఎర్ర గుంజ పాతేవాడు. మరుసటేడు మొక్కలు ఆ గుంజను దాటి ముందుకు పాకితే ఇక ఆయన్ని పట్టలేం. "మన పిల్లలు ఎదిగితే ఇంత మురిశారా?" అని భార్య ప్రేమమ్మ దెప్పేది.

చేపలు పట్టే పల్లెవాళ్లకూ అక్కడో ఆచారం ఉంది. ఏడాదిలో తొలి వల వేసేరోజున, ముందున్న మడ మొక్కకు పసుపు గుడ్డ కట్టి గంగమ్మకు దండం పెట్టుకుంటారు. "చెట్టుకు చీరెందుకమ్మా?" అని పల్లెలోని జాలరి నూకరాజు భార్య రామలక్ష్మిని మాణిక్యం ఏడిపించేవాడు.

పంతొమ్మిది వందల అరవై రెండులో, అడవి పెరుగుతోందో లేదో చూడ్డానికి రేంజరు గారు వస్తున్నారని కబురొచ్చింది. పెరగకపోతే ఆ ముక్క కట్టెల కాంట్రాక్టుకు పోతుంది. ముందురోజు మాణిక్యం పడవలో వెళ్లి చూశాడు. గుంజలన్నీ మొక్కలకు ముందు, వట్టి బురదలో వరసగా నిలబడి ఉన్నాయి. ఎవరో పీకి మళ్లీ పాతారు. చూసినవాళ్లు అడవే వెనక్కి పోయిందనుకుంటారు.

ఇది కట్టెలవాళ్ల పనేనని తిట్టుకుంటూ పల్లెకు పరిగెత్తాడు. నూకరాజు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"చూశావా బావా? నీ గుంజలు మొక్కల్లో మునిగిపోయి అవపడట్లేదని, నేనే తీసి ముందు పాతాను. రేంజరు గారికి బాగా కనపడాలిగా!"

మాణిక్యం నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. ఏ గుంజ ఎక్కడుండేదో ఇక ఎవరు చెప్పగలరు? సంగతి విని నూకరాజు మొహం పాలిపోయింది. రామలక్ష్మి మాత్రం అడిగింది. "గుంజలు పోతే పోయినయ్, మా గుడ్డలు ఉన్నయ్యిగా అన్నయ్యా?"

మర్నాడు రేంజరు గారిని ఆవిడే లోపలికి తీసుకెళ్లింది. ఈ ఏటి గుడ్డ అంచున ఉంది. నిరుటిది కాస్త లోపల. అంతకుముందువి వెలిసి, చివికి, ఇంకా లోపల. ఒకప్పుడు ముందు నిలిచిన మొక్కలు ఇప్పుడు నడి అడవిలో ఉన్నాయి. రేంజరు గారు మనసారా నవ్వి, ఆ ముక్కను ఇంకో పదేళ్లు మూసి ఉంచమని రాశారు.

ఆ పైయేడు మాణిక్యం గుంజ పాతలేదు. తొలి వల రోజున నూకరాజు పడవలో తనూ వెళ్లి, రామలక్ష్మి గుడ్డ కట్టడానికి ముందున్న మొక్క కొమ్మను వంచి పట్టుకున్నాడు.

"గట్టిగా కట్టు చెల్లెమ్మా," అన్నాడు. "పదేళ్లు ఉండాలి."