అమ్మ ఓడిన సాయంత్రం

షాంటిలీలోని మా వంటగదిలో దీపం కొండెక్కాక కాసేపు నిలిచే నువ్వుల నూనె వాసన ఇన్నేళ్ళయినా నన్ను ఫార్మింగ్టన్ హిల్స్‌లో నా చిన్నప్పుడు మేముండిన అద్దె అపార్ట్‌మెంట్‌కే తీసుకుపోతుంది.

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆయన వీసా మీద వచ్చిన అమ్మకి ఉద్యోగం చేసే వీల్లేదు కనక, ఎమ్మే చదివిన ఆవిడ తెలివంతా నాకే దక్కింది. ఆ అదృష్టానికి దేవుడికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. ఇంగువ పోపు వాసన ఇంకా వదలని డైనింగ్ టేబుల్ మీద లైబ్రరీ పుస్తకాలు పరుచుకుని పాఠాలు చెప్పేది, పెరుగన్నాలయ్యాక వంటగది నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీసి అష్టా చెమ్మా ఆడేది, నాగుల చవితికి చలిమిడి కలుపుతూ కూడా, నేనేమన్నా సరే, పిండిచేతులతోనే "ఎందుకని?" అని అడిగేది. ఆ మాట వినకుండా నాకు ఒక్క పూటా గడవలేదు.

నా పదో ఏట, ఆకులన్నీ రాలిపోయిన రోజుల్లో, గ్రీకుల పాఠం వచ్చింది. సోఫిస్టులనే పంతుళ్ళు ఊరూరా తిరిగి, ఫీజు పుచ్చుకుని, ఏ పక్షాన నిలబడ్డా గెలిచే విద్య నేర్పేవారని, బలం లేని వాదాన్ని బలమైనదిగా నిలబెట్టడమే వాళ్ళ గొప్పని అమ్మ చెప్పింది. గెలవడం వేరు, నిజం తెలుసుకోవడం వేరు అని వాళ్ళతో తగువు పడిన తత్త్వవేత్తల గురించీ చెప్పింది గానీ, ఆ ముక్క నా చెవికెక్కలేదు. నాకు గెలుపే నచ్చింది. దాంతో మా ఇంట్లో ఓ ఆట మొదలైంది. రోజూ మధ్యాహ్నం ఒక వాదన. ఓడినవాళ్ళు మర్నాటిదాకా గెలిచినవాళ్ళ మాట ప్రకారం నడవాలి. మర్నాడు పక్షాలు మార్చుకోవాలి.

కార్తీక మాసంలో ఒకరోజు నా కన్ను అమ్మ రోజూ సాయంత్రం పెట్టే దీపం మీద పడింది.

"దేవుడు అన్నీ చూస్తాడంటే డార్క్‌లో కూడా చూస్తాడు. చూడలేడంటే దీపం పెట్టినా యూజ్ లేదు. ఎటైనా దీపం వద్దు," అన్నాను.

"దీపం ఆయనకి కాదే, మనకి."

"మనకి స్విచ్ ఉంది కదా."

అమ్మ పకపకా నవ్వింది. "దొంగ సోఫిస్టూ, ఓడిపోయాను పో. ఇవాళ దీపం లేదు."

సాయంత్రం అయిదుకే చీకటి పడింది. ఆ ఏటి మొదటి మంచు చడీచప్పుడూ లేకుండా కురుస్తోంది. అయిదున్నరకి రావాల్సిన నాన్న ఆరున్నరైనా రాలేదు, ఫోన్ ఎత్తలేదు. అమ్మ కుక్కర్ పెట్టి, కిటికీ దగ్గర నిలబడి, పార్కింగ్‌లోకి తిరిగే ప్రతి కారు లైట్లనీ చూస్తోంది. నేను పూజ అలమరలో పొడిగా ఉన్న ప్రమిదనే చూస్తున్నాను. నాన్న రాకుండా నేనే చేశాననిపించింది.

"అమ్మా, దీపం పెట్టవా. ప్లీజ్."

"ఎందుకని? నీ వాదాన్ని నువ్వే ఓడించు, పెడతాను."

ఎంత ఆలోచించినా నా మాటల్లో నాకు పగులు దొరకలేదు. అంత గట్టిగా కట్టుకున్నందుకు భయమేసింది. "ఆర్గ్యుమెంట్ లేదమ్మా," అన్నాను చివరికి. "నాన్న రావాలి."

అమ్మ అగ్గిపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "దీనికి నా దగ్గర జవాబు లేదు," అంది.

నాన్న ఏడు దాటాక, బూట్ల నిండా మంచుతో, దారిలో కార్లన్నీ ఆగిపోయాయని విసుక్కుంటూ వచ్చాడు. దీపం పెట్టినందుకే వచ్చాడని నేననను. ఒకటి జరిగాక ఇంకోటి జరిగితే మొదటిదే కారణమా అని అమ్మే నేర్పింది. దణ్ణం మాత్రం పెట్టుకున్నాను.

నాన్న పోయాక అమ్మ ఇప్పుడు ఈ షాంటిలీలో నా దగ్గరే ఉంటోంది. రెండేళ్ళుగా ఆవిడకి జ్ఞాపకం జారిపోతోంది. ఏమన్నా తలూపుతుంది. నిన్న సాయంత్రం ఆశ చావక, ఆ పాత వాదాన్నే పొల్లు పోకుండా ఆవిడ ముందు పెట్టాను.

"అంతేలేమ్మా," అంది. "నువ్వు చెప్పాక కాదంటానా."

అగ్గిపెట్టె తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. చెయ్యి ఆనవాలు పట్టినట్టుంది, పుల్ల గీసి వెలిగించింది. ఎందుకని మాత్రం అడగలేదు.