అన్నం రాని విందు

మనవడికి సంబంధాలు చూస్తున్న ఆ రోజుల్లో, నాకు తెలియని మర్యాద ఈ భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం. మూడో తరగతితో బడి మానేసినా, మా దేశనూరులో ఏ విందు జరిగినా మొదటి వరుసలో కూర్చునేది నేనే. అన్నంలో నా చెయ్యి పడితే గానీ మిగతావాళ్లు ముద్ద ఎత్తేవారు కాదు (అలా కూర్చోమని నన్నెవరూ అడిగినట్టు గుర్తులేదు). తోరణగల్లులో ఉద్యోగం చేసే మా వాడికి బెంగళూరు సంబంధం వచ్చింది. వాళ్లూ మన బళ్లారి వైపు నుంచి వెళ్లినవాళ్లే. పిల్ల తల్లి మమ్మల్ని ఒక పెద్ద ఫ్రెంచి హోటలుకు భోజనానికి పిలిచింది. కోడలికి జ్వరం రావడంతో, ఔననో కాదనో చెప్పే పెద్దరికం నామీద పడింది. విందు కదా, ఇంట్లో తిండి దండగెందుకని పొద్దుటి నుంచి కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు.

చేటంత తెల్లటి పళ్లెం తెచ్చి ముందు పెట్టారు. మధ్యలో వక్కంత ముద్ద, దానిమీద సబ్బునురగలాంటి నురగ. కాలువ కింద వరి పండించే ఇంటిదాన్ని. నాకు తెలిసిన విందులో పచ్చడీ కూరా కాస్త కాస్త ముందు వడ్డిస్తారు, ఆఖరున అన్నం, నెయ్యి వస్తాయి, అప్పుడు పెద్దవాళ్లు చెయ్యి పెడతారు. అందుకని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నురగ నీరైంది. రెండో పళ్లెం వచ్చింది. వడ్డించే ఆయన మొదటిది తీయబోతే రెండు చేతులా పట్టుకున్నాను.

"ఏందప్పా, తినకముందే ఎత్తుతాండావే? ఇదేం పద్ధతి?"

"క్షమిసి అమ్మా," అని కన్నడంలో క్షమించమంటూ ఆయన వెనక్కు తగ్గాడు.

"అవ్వా, మొదులుపెట్టు," మనవడు గొణిగాడు.

"ఎప్పుడు మొదులుపెట్టల్లో నాకు తెలీదారా?" అని బల్ల కింద వాడి తొడ గిల్లాను.

మూడో పళ్లెమూ వచ్చింది. ఎదురుగా పిల్ల తల్లి ముఖం పాలిపోయింది, చేతులు వణుకుతున్నాయి. నా గాంభీర్యానికి బెదిరిందనుకుని లోలోపల కాస్త సంతోషించాను కూడా. అంతలో పిల్ల లేచి వచ్చి నా కుర్చీ పక్కన గొంతుక్కూర్చుంది.

"అవ్వా, మేము మీకు నచ్చలేదా? నచ్చకుంటే చెప్పేయండి. మాయమ్మకు షుగర్ ఉండాది, మాత్ర ఏసుకోని వచ్చింది. మీరు ముట్టకుండా ఆమె తినదు."

"నచ్చకపోయేదేంది పాపా? అన్నం కోసరం చూస్తాండా."

"ఈడ అన్నం రాదవ్వా."

నా చెవులు వేడెక్కాయి. నీళ్లోడుతున్న ఆ ముద్దను చేత్తోనే తీసి గబుక్కున నోట్లో వేసుకున్నాను. దాని రుచేమిటో ఇప్పటికీ చెప్పలేను. "తినమ్మా, నీకు పుణ్యముంటాది, తిను!" అన్నాను. పక్క బల్లలవాళ్లంతా తిరిగి చూశారు. ఆమె చేతుల వణుకు ఆగేదాకా నేను తలెత్తలేదు.

"పిల్ల మాకు నచ్చిందమ్మా," అన్నాను చివరికి. "ఈ ముసిల్ది మీకు నచ్చిందో లేదో మీరే చెప్పల్ల."

ఆమె మూతి తుడుచుకుని నా మూడో పళ్లెం వైపు చూసింది. "అది మీరు తింటారా పెద్దమ్మా? లేకుంటే ఇట్లియ్యండి. కడుపు నిండినాక చెప్తా."

ఇప్పుడా పిల్ల మా ఇంట్లోనే తిరుగుతోంది. పళ్లెం పట్టుకుని బిగుసుకు కూర్చున్న ఆనాటి నాలోని పెద్దమనిషి మాత్రం నాకు అప్పుడప్పుడు గుర్తొస్తుంది. సిగ్గుతో తల వాలిపోతుంది, వెంటనే నవ్వూ వస్తుంది. పాపం, ఆవిడకూ ఆకలిగానే ఉండింది.