పండగకు ముందు విప్పిన మూట

నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ముందే చెప్పేస్తున్నాను.

కొండల మధ్య ఉన్న బొయిపరిగుడ అనే ఊళ్ళో మా నాన్న మాస్టారు. బి.ఎస్సీ. పరీక్షలు రాసి నేను ఇంటికి వచ్చిన చైత్రంలోనే విదేశం నుంచి ఒక పరిశోధకుడు దిగాడు. పొద్దున అడవిలోనూ పొలాల్లోనూ ఎన్ని రకాల మొక్కలున్నాయో రాసుకునేవాడు. మధ్యాహ్నం వాటితో మనుషులు ఎలా బతుకుతారో అడిగేవాడు. నాకు ఇంగ్లీషూ, కొండ ఊళ్ళలో మాట్లాడే దేశియా రెండూ వచ్చు కనుక నాన్న నన్ను అతని వెంట పంపాడు.

ఒక ఊళ్ళో ఒక ముసలామె ఇంటి దూలానికి గడ్డితాడు చుట్టిన మూట వేలాడుతోంది. మంచి వాసన వచ్చే ఒక రకం వడ్ల విత్తనం అది. ఆ చుట్టుపక్కల ఆమె దగ్గర మాత్రమే మిగిలింది. చైత్ర పండగలో పూజ జరిగేదాకా ఆ మూట విప్పకూడదు. ఆ ఆచారాన్ని అతను నోట్‌బుక్‌లో శ్రద్ధగా రాసుకున్నాడు కూడా! రాసుకుని, తను పండగ దాకా ఆగలేనన్నాడు. మూట మొత్తం ఇప్పుడే కావాలన్నాడు. ఆమె కుదరదంది.

అప్పుడు నేను దేశియాలో ఏమన్నానో తెలుసా? "సూసుకుని ఇత్తులేసే యేళకి తిరిగి పంపించేత్తాడు, అవ్వా."

అతను అలాంటి మాటే అనలేదు. ఇద్దరినీ నొప్పించకుండా మధ్యలో ఒక తీపి మాట అతికించడం మాలా రెండు భాషలూ వచ్చిన వాళ్ళందరికీ అలవాటు. ఆఫీసుల్లో ఒకరి మాట ఇంకొకరికి చెప్పి చెప్పి పట్టుకున్న జబ్బు.

ఆమె మూట దించి తన చేత్తోనే విప్పింది.

విత్తనం మొత్తం తీసుకుని అతను తన దేశం వెళ్ళిపోయాడు. వానలు పడ్డాయి. ఆమె మడి దున్ని ఖాళీగా ఉంచింది. నేను అతనికి ఉత్తరం రాశాను. జవాబుగా ఒక ఫారం వచ్చింది. నమూనా కావాలంటే ఏదైనా శాస్త్ర సంస్థ ద్వారా దరఖాస్తు చేసుకోవాలట! ఆమె విత్తనానికి ఆమె దరఖాస్తు! ఒళ్ళు మండిపోయింది. నాన్న మాత్రం, "ఊరుకో అమ్మీ, పెద్ద సదువులోళ్ళతో మనకి పేచీ ఏటి?" అన్నాడు. ఫారం కన్నా ఆ మాటకే నాకు ఎక్కువ మండింది.

ముసలామె ప్రతి సంతకీ వచ్చి, విత్తనం వచ్చిందా అని అడిగేది. ఒక వారం ఇక దాచలేక, రాదని చెప్పేశాను. చెప్పి, దొంగ, సిగ్గులేనివాడు అంటూ అతన్ని సంతలోనే నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆడినెందుకు తిడతావు అమ్మీ? ఆడి మాట నాకేటి తెలుసు? నువ్వు సెప్పేవని ఇప్పేను."