ఆంజనేయుడి కొండమీద టెంకాయ దెబ్బ

ఎనభైల్లో మేము మద్రాసు చూలైలో ఉండేవాళ్లం. నా స్నేహితురాలు కోమలకు రొమ్ము క్యాన్సర్. మందులకు జుట్టంతా రాలిపోయింది. అయినా తమిళుల పెరటాసి నెలలో షోలింగర్ ఆంజనేయుడి కొండ ఎక్కి తీరాలని పట్టుబట్టింది. తోడు వెళ్లక నాకు తప్పలేదు.

నాలుగు మెట్లెక్కి కూర్చుంటూ సగం దూరం వెళ్లేసరికి కోతులు చుట్టుముట్టాయి. ఒక గండుకోతి కోమల తలగుడ్డ పీకి పారేసి, నా పూజబుట్ట మీదికి దూకింది. నేను వదల్లేదు. అది నా మోచేతిలో పళ్లు దించింది. రక్తం కారుతోంది, కేకలు పెడుతున్నాను. జనం దూరంగా నిలబడి చేతులు జోడించారే కానీ ఒక్కరూ దాన్ని అదిలించలేదు. ఆ కొండమీద కోతిని కొడితే స్వామిని కొట్టినట్టేనట!

అంతవరకు ఆయాసంతో కూలబడి ఉన్న కోమల లేచింది. బుట్టలోంచి దొర్లిన టెంకాయ అందుకుని దాని వీపుమీద బాదింది. కాయ పగిలేదాకా బాదింది. కోతి కీచుమంటూ పారిపోయింది.

"ఏమ్మా, స్వామినే కొడతావే! పాపం గదా!" అని ఒక పెద్దావిడ తిట్టింది.

"నన్ను లోపల కొరికేదాన్ని ఎట్లాగూ కొట్టలేను పెద్దమ్మా. కండ్లకు కనిపించేదాన్నన్నా కొట్టనీ!" అని కోమల అరిచింది. ఆ గుండుతల చూసి పెద్దావిడ కిందపడ్డ తలగుడ్డ దులిపి తెచ్చిచ్చింది.

మర్నాటి నుంచి నాకు, పిచ్చికుక్క కరిస్తే వేసినట్టే, బొడ్డుచుట్టూ సూదులు. ప్రతిసారీ కోమలే తోడొచ్చి, "ఏడవబాకే, నేను లేనా?" అనేది.

ఇప్పుడు లేదు. మోచేతిమీద గాటు మాత్రం ఉంది. అది పోవడానికి ఏదో పూతమందు ఉందని ఎవరైనా చెబితే నాకు ఒళ్లు మండుతుంది.