నూట పన్నెండో పేజీ

రాజమహేంద్రవరంలో మా కాలేజీ లైబ్రేరియన్ మేడమ్ చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉండేది. కొట్టడానికేమో అని కొత్తలో భయపడేవాళ్లం. ఆవిడ మాత్రం మమ్మల్నందరినీ "అండి" అనే పిలిచేవారు.

గోదావరి జాలర్ల వలల మీద నేను రాసిన ఎం.ఏ. ప్రాజెక్టుకు ఆవిడ సంతకం కావాలి. చివర ఇచ్చిన పుస్తకాల పట్టికను ఒక సీనియర్ ప్రాజెక్టులోంచి దించేశాను. ఆ సీనియరూ అలాగే ఇంకొకరి దాంట్లోంచి దించాడు. మేడమ్ పట్టికలో ఒక వరుస కింద స్కేలు ఆనించారు.

"ఈ నూట పన్నెండో పేజీ చూశారాండీ?"

"చూశానండి."

ఆవిడ లోపలికెళ్లి, దుమ్ము దులుపుకుంటూ ఆ పాత పుస్తకం తెచ్చి నా ముందు తెరిచారు. పాతకాలం పుస్తకాల్లో కొన్ని పేజీలు అంచున మడతతో అతుక్కునే వచ్చేవి, చదివేవాళ్లే కోసుకోవాలి; ఈ మడతను ఇంతవరకూ ఎవరూ కోయలేదు. నూట పన్నెండో పేజీ ఆ మడత లోపలే ఉంది.

నా చెవులు వేడెక్కిపోయాయి. సంతకం సంగతి ఇక మరిచిపోవచ్చనుకున్నాను. ఆవిడేమో స్కేలు నా చేతికిచ్చారు.

"మెల్లిగా కొయ్యండి. చిరిగితే ఊరుకోను."

కోశాను. ఆవిడ కూడా ఆత్రంగా ముందుకు వంగారు.

"ఏముందండీ?"

"తమలపాకు తోటల గురించండి. వలల ఊసే లేదు."

మేడమ్ కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు.

"ఐదేళ్లుగా ప్రతి ప్రాజెక్టులోనూ ఈ పేజీ నంబరు చూస్తున్నానండి. చదివిన మొదటి మనిషి మీరే. కూర్చోండి, మిగతా పుస్తకాలు కూడా తెస్తాను."