కొసరు బరువు

మా బోయిగూడలో కొసరు అడగకుండా ఎవరూ ఏదీ కొనరు. నాన్నది కరెంటు సామాన్ల దుకాణం. వైరు కొలిచాక బెత్తెడు ఎక్కువ కోసివ్వకపోతే గిరాకీ మళ్లీ గడప తొక్కదు. ఆ గల్లా పక్కన పెరిగినదాన్ని, బేరమాడందే నాకు అన్నం సహించదు.

అలాంటిదాన్ని పోయి పోయి విమానాల్లో పడ్డాను. బోయిన్‌పల్లి అవతల ఒక షెడ్డులో బ్యాటరీ మీదే ఎగిరే చిన్న విమానం కడుతున్నాం. బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటు మోసే తీగలు నా పని. మా చీఫ్ మేడం బోర్డు మీద రాసేసింది: తీగల బరువు పన్నెండు కిలోలు దాటితే ఆ పని బయటివాళ్లకు.

నాన్న స్నేహితుడి తీగల దుకాణంలో గంటసేపు బేరమాడాను. చివరికి ఆయన, "అదే రేటుకు జెర లావుది తీస్కపో బిడ్డా, మీ నాయిన మొఖం జూసి ఇస్తున్న" అన్నాడు. రాగిలో కొసరు! గంతులేసుకుంటూ వచ్చాను.

కాటా మీద పెడితే పదహారు.

"నీ కొసరును ఆకాశంలోకి మోసేదెవరు?" అంది మేడం. "శుక్రవారం దాకా చూస్తా."

తిరిగి ఆ తీగల దుకాణానికే పోయాను. "కొసరు వాపస్ తెచ్చినోళ్లను ఇన్నేండ్లల్ల చూడలే. పానం మంచిగుందా, బిడ్డా?" అన్నాడు పెద్దాయన. తల వంచుకుని సన్నతీగ తెచ్చుకున్నాను. టెస్టులో అది చెయ్యి పెట్టలేనంత కాగింది.

అయినా వదల్లేదు. వోల్టేజి రెట్టింపు చేస్తే అదే పవర్‌కు సగం కరెంటు చాలు, సన్నతీగ కాగదు. కానీ పైన గాలి పలచన. ఎక్కువ వోల్టేజికి నిప్పురవ్వలు దూకుతాయి. మందమైన తొడుగు వేయక తప్పదు. వేశాక పన్నెండున్నర.

బ్యాటరీ పని చూసే సహోద్యోగి దగ్గరకు పోయాను. "అన్నా, నీ బ్యాటరీ పెట్టె మోటారు వైపు ఒక్క మూర జరపవా? తీగ పొట్టిదవుతుంది."

"నిన్న వోల్టేజి కోసం సెల్సన్నీ మళ్ల కట్టించినవ్. ఇయ్యాల పెట్టె. రేపు మా ఇల్లు సుత జరపమంటవా?"

"రెండు మూరలు అడుగుదామని వచ్చా. నీ ముఖం చూసి ఒకటే అడుగుతున్నా."

నవ్వేశాడు. విమానం బ్యాలెన్స్ లెక్క చూసి మేడం కూడా సరేనంది.

శుక్రవారం కాటా పదకొండు కిలోల తొమ్మిది వందల గ్రాములు చూపింది. మేడం బోర్డు మీద నా పని పక్కన టిక్కు పెట్టింది.

"ఆ మిగిలిన వంద గ్రాములు నాకు కొసరియ్యి చెల్లె, పెట్టె జరిపిన గదా" అన్నాడు బ్యాటరీ అన్న.

కొసరు లేదన్నానని బోయిగూడలో తెలిస్తే మా దుకాణం పరువు పోతుంది. అయినా ఇవ్వనన్నాను.