మైసమ్మ కోడి మింగిన పసుపు దారం

మా చిన్నప్పుడు... నానక్‌రామ్‌గూడలో తెల్లవారిందంటే మా ఇంట్లో ముందుగా లేచేది కోళ్ళ గంప. నానమ్మ ఆ గంపను కొంచెం ఎత్తి, ఒక్కో కోడినీ చంకలో ఇరికించుకుని, దాని గొంతు కింద రెండు వేళ్ళతో తడిమి గానీ వదిలేది కాదు. అక్కడ మేత నిలిచే సంచి ఒకటి ఉంటుంది. కోడి తిన్నదంతా ముందు అందులో నాని, తర్వాతే కడుపులోకి దిగుతుంది.

"పొద్దుమూకంగ సంచి నిండుండాలె, పొద్దుగాల ఖాళీ ఉండాలె. గట్ల లేదంటే కోడికి పానం బాగలేనట్టే" అనేది.

ఆ ఏడు మా చెల్లె స్వప్నకు జ్వరం పట్టుకుంది. ఎన్ని మందులు మింగినా దిగలేదు... దవాఖాన మంచం మీద పిల్ల కళ్ళు తెరవకుండా పడి ఉంటే, అమ్మ అక్కడే నిలబడి మైసమ్మకు నల్లకోడిని మొక్కుకుంది. స్వప్న లేచింది.

ఇంటికి రాగానే అమ్మ మా నల్లపెట్టను పట్టుకుని, పసుపులో తడిపిన దారం దాని కాలికి కట్టింది. చుట్టాలెవరైనా వస్తే పొరపాటున దాన్ని కోసేస్తామేమోనని గుర్తు. ఇక అది మా కోడి కాదు, మైసమ్మ కోడి.

బోనాలకు ఇంకా టైముంది. జ్వరం నుంచి లేచిన పిల్లకు బడి లేదు, ఆట లేదు... పొద్దుటి ఎండలో కూర్చోబెడితే ఆ నల్లపెట్టే వచ్చి పక్కన చేరేది. స్వప్న గంజిలో మెతుకులు ఏరి దానికి పెట్టేది.

"గది మైసమ్మది బిడ్డా, ఎక్కువ మాలిమి చేసుకోకు" అని అమ్మ అంటూనే ఉండేది. చెప్తే వినే వయసా అది?

ఒక పొద్దున గంప ఎత్తిన నానమ్మ చెయ్యి ఆ కోడి గొంతు దగ్గర ఆగిపోయింది.

"పద్మా, జర ఇటు రా. నిన్నటి మేత అట్లనే ఉన్నదే."

అమ్మ పరిగెత్తుకొచ్చింది. నేనూ తడిమి చూశాను... చపాతీ పిండి ముద్దలా గట్టిగా ఉంది. కోడి మెడ సాచి, ఏదో మింగలేక మింగుతోంది. నానమ్మ దాని నోరు తెరిచి వాసన చూసింది.

"పులిసిన వాసనైతే లేదు. లోపట పులిస్తే సంచి మెత్తగ నీళ్ళలెక్క ఉంటది. ఇది గట్టిగున్నది... ఏదో అడ్డం వడ్డది."

ఇక గింజలు బంద్, నీళ్ళు మాత్రమే. నానమ్మ నువ్వుల నూనెను ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా వేసి, సంచిని వేళ్ళతో మెల్లగా పిసికింది. పక్కింటి యాదమ్మ వచ్చి, తలకిందులుగా పట్టి కక్కించమని సలహా ఇస్తే నానమ్మ ఇంతెత్తున లేచింది.

"నీళ్ళు ఊపిరి దిక్కు వోతే అక్కడికక్కడ సస్తది. నువ్వు సప్పుడు జెయ్యకుండ కూసో!"

అప్పుడు చూసింది అమ్మ... కోడి కాలికి దారం లేదు. పొడిచి పొడిచి ఊడగొట్టుకుని మింగేసింది, పురుగు అనుకుందో ఏమో! తను కట్టిన మొక్కు దారమే దాని ప్రాణం మీదికి తెచ్చిందని తెలిసి అమ్మ ముఖం పాలిపోయింది.

మర్నాడు కూడా సంచి ఖాళీ కాలేదు. కోడి తల వేలాడేసింది. పశువుల డాక్టరు కోసం వెళ్ళిన నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు, డాక్టరు ఊళ్ళో లేడట. నానమ్మ బ్లేడు, సూది, దారం, పసుపు తెచ్చి అరుగు మీద పెట్టింది. సంచి మీద చిన్న గాటు పెట్టి, అడ్డం తీసి, కుట్టెయ్యడం... ఇదివరకు చేసిన పనే ఆమెకు.

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు అత్తమ్మా! గాటు వడ్డ కోడిని మైసమ్మ తీసుకోదు. మొక్కు చెడితే మల్ల పిల్లకేమన్న అయితే?"

"కొయ్యకుంటే సచ్చిపోతది. సచ్చినదాన్ని తీసుకుంటదా?"

అమ్మ కోడి కోసం ఏడవడం లేదు, స్వప్న కోసం ఏడుస్తోంది. ఆ స్వప్నేమో కొంగు పట్టుకుని, "అమ్మా... దానికి గూడ నొస్తది గదనే" అంది.

అమ్మ చాలాసేపు మైసమ్మ గుడి దిక్కు చూసింది. తర్వాత వచ్చి కూర్చుని, కోడి కాళ్ళు తనే పట్టుకుంది. "కొయ్యి అత్తమ్మా" అంది.

గడ్డిపోచలతో ఉండ చుట్టుకుపోయిన పసుపు దారం బయటికొచ్చింది. కోడి బతికింది. ఇది చదివి మీరెవరూ బ్లేడు పట్టకండి తల్లీ! ఇప్పుడు డాక్టర్లున్నారు, మత్తు మందులున్నాయి. పొద్దున్నే సంచి తడిమి చూసుకోండి, తేడాగా ఉంటే వెంటనే తీసుకెళ్ళండి, అంతే.

బోనాలకు అమ్మ వేరే నల్లకోడిని ఇచ్చింది. కానీ మొక్కింది ఒకటి, ఇచ్చింది ఒకటి... నానమ్మ ఎంత సర్దిచెప్పినా అమ్మ మనసు ఒప్పుకోలేదు. నల్లపెట్ట మాత్రం గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని లేపి, ముసలిదయ్యాకే పోయింది. అది ఉన్నన్నాళ్ళూ స్వప్న చిన్నగా దగ్గినా అమ్మ దానివైపే భయంగా చూసేది.

ఇప్పుడు మా వాకిలి ఉన్నచోట అద్దాల బిల్డింగు లేచింది. మేము గోపన్‌పల్లి అపార్టుమెంటులో ఉంటున్నాం... ఇక్కడ కోడి కూత వినిపిస్తే చాలు, అసోసియేషన్ గ్రూపులో పంచాయితీ. స్వప్న ఆఫీసు నుంచి నీరసంగా వస్తే, నేను థర్మామీటరు వెతికేలోపే అమ్మ దాని గొంతు కింద రెండు వేళ్ళు పెట్టేస్తుంది. అచ్చం నానమ్మ లాగే. ఒళ్ళు చల్లగా ఉన్నా చెయ్యి తియ్యదు.

మొన్న అలాగే పెడితే స్వప్న నవ్వింది. "ఏందమ్మా, సంచి ఖాళీ ఉన్నదా?"

అమ్మ నవ్వలేదు. "మైసమ్మ ఆ మొక్కు ఇంకా అడుగలేదు బిడ్డా... అడుగొద్దనే మొక్కుతున్న" అంది.

మీ ఇళ్ళల్లో కూడా ఇలా తీరీ తీరని మొక్కులున్నాయా... ఉంటే రాయండి. అమ్మకు చదివి వినిపిస్తాను.